మొదటిసారి యూరాలజీ కాన్ఫరెన్స్‌కి వెళ్ళే రెసిడెంట్‌కి: అబ్‌స్ట్రాక్ట్ నుంచి చెన్నై ఆటో దాకా

యూరాలజీలో, అంటే కిడ్నీలు, మూత్రనాళాల సర్జరీలో, సూపర్ స్పెషాలిటీ కోర్సులైన ఎం.సి.హెచ్.లోనో డీఆర్‌ఎన్‌బీలోనో చేరి ఏడాది తిరగకముందే ఒకరోజు రౌండ్స్ మధ్యలో చీఫ్ ఆగి, "ఈసారి కాన్ఫరెన్స్‌కి ఏం పంపిస్తున్నావ్?" అని అడుగుతారు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. నాది నెల్లూరు జిల్లా. చెన్నైలో చదివి, చెన్నైలోనే ఉద్యోగంలో ఉండిపోయాను. ప్రతి ఏడూ గుంటూరు నుంచో కర్నూలు నుంచో వరంగల్ నుంచో జూనియర్లు ఫోన్ చేసి, "అన్నా, ఏం రాయాలి? ఎక్కడ దిగాలి? ఏం తినాలి?" అని అవే మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

ఏ మీటింగో ముందు తేల్చుకోండి

అందరి కన్నూ పెద్దదాని మీదే ఉంటుంది. యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1961లో పుట్టింది. దాని వార్షిక సదస్సునే మనం యూఎస్‌ఐకాన్ అంటాం. ఎక్కువగా జనవరి ప్రాంతంలో జరుగుతుంది, ఏడాదికో ఊరు మారుతుంది. దాని కింద సౌత్ జోన్ సదస్సు. ఆ కింద రాష్ట్ర స్థాయివి: మన రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి సోగస్, తమిళనాడు–పుదుచ్చేరికి టపాసు. ఆ రెండో పేరు వింటే మనకి దీపావళి గుర్తొస్తుంది గానీ, అది వాళ్ళ యూరాలజిస్టుల సంఘం పేరులోని పొడి అక్షరాలు కలిపితే వచ్చిన మాట.

నన్నడిగితే మొదటి ఏడాది రాష్ట్రం, రెండో ఏడాది జోన్, మూడో ఏడాది జాతీయ సదస్సు. జాతీయ సదస్సులో నాలుగైదు హాళ్ళు ఒకేసారి నడుస్తాయి. మీ పేపర్ పొద్దున్నే ఏ మూల హాల్లోనో పడితే, వినేవాళ్ళు ఇద్దరు చైర్‌పర్సన్లు, మీ తరవాత చదవాల్సిన ఆరుగురు. వాళ్ళు కూడా తమ స్లైడ్లే మనసులో తిప్పుకుంటూ ఉంటారు. రాష్ట్ర మీటింగ్‌లో అలా కాదు. మీ ఊరి సీనియర్లే ముందు వరుసలో కూర్చుంటారు, తప్పు కనిపిస్తే వదలరు. మొదటి దెబ్బలు ఇంట్లో తినడమే మంచిది.

సూపర్ స్పెషాలిటీ చివరి పరీక్షకి కూర్చోవాలంటే పోస్టరో పేపరో ఉండాలని యూనివర్సిటీలు అడుగుతాయి కాబట్టి చాలామంది సర్టిఫికెట్ కోసమే వెళ్తారు. వెళ్ళండి, తప్పేం లేదు. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి మిమ్మల్ని ఓడించిన కేసు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

టాపిక్ వార్డులోనే ఉంటుంది

"మంచి టాపిక్ చెప్పు అన్నా" అంటారు. టాపిక్ నా దగ్గర లేదు, మీ వార్డులో ఉంది. రోబో లేని ఆస్పత్రిలో కూర్చుని రోబోటిక్ ప్రోస్టేటెక్టమీ మీద సమీక్ష రాస్తే ఎవరూ వినరు. మీ దగ్గర వారానికి పది పీసీఎన్‌ఎల్‌లు (నడుం దగ్గర చిన్న రంధ్రం చేసి కిడ్నీ రాయి తీసే ఆపరేషన్లు) అవుతుంటే మీకు తెలిసింది అదే, దాని మీదే రాయండి.

నా సంగతి చెప్తాను. రెండో ఏడాదిలో ఉండగా నాయుడుపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. నడుం నొప్పి, మూత్రంలో మంట, అప్పుడప్పుడు ఎర్రగా వస్తోందంది. పొట్ట ఎక్స్‌రే (కేయూబీ) లైట్‌బాక్స్ మీద పెట్టగానే ఓపీలో ఉన్న ముగ్గురం ఒకేసారి "అయ్యో" అన్నాం. కుడివైపు డీజే (డబుల్ జే) స్టెంట్, అంటే మూత్రం దిగడానికి కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా లోపల పెట్టే సన్నటి గొట్టం. పై కొన చుట్టూ చింతపిక్కలు గుత్తి కట్టినట్టు రాయి, కింది కొనకి బ్లాడర్లో నిమ్మకాయంత ఇంకోటి. "గొట్టం ఎప్పుడు వేశారమ్మా?" అంటే, "గొట్టమేంది నాయనా? రాయి తీసినారు, అంతే" అంది. మర్నాడు ఆమె కొడుకు డిశ్చార్జి కాగితం తెచ్చాడు. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. మూడేళ్ళ కిందటిది. కింద మూలలో చేత్తో రాసిన ఇంగ్లీషు: మూడు వారాల తరవాత డీజేఎస్‌ఆర్‌కి రావాలి. అంటే స్టెంట్ తీయడానికి. ఆ మాట ఆమెకే కాదు, కొడుక్కీ, వాళ్ళ ఊరి ఆర్‌ఎంపీకీ కూడా అర్థం కాలేదు.

డబుల్ జే స్టెంట్‌ని 1978లో రాయ్ ఫినీ ప్రచురించినప్పటి నుంచీ మన పనికి అది ఎంత మేలు చేసిందో, మర్చిపోతే అంత కీడు చేస్తోంది. వారాల్లో తీయాల్సింది ఏళ్ళు ఉండిపోతే రాయి కట్టేస్తుంది, బలంగా లాగితే తెగుతుంది. ఆమెకి కింద సిస్టోలిథోట్రిప్సీ (బ్లాడర్లో రాయి పగలగొట్టడం), పైన పీసీఎన్‌ఎల్ చేసి, ఆ స్టెంట్‌ని ముక్కలుగా బయటికి తెచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర.

ఒక్క కేసే అయితే కేస్ రిపోర్ట్ అవుతుంది, పోస్టర్‌కి సరిపోతుంది. కానీ ఇలాంటివి మన రికార్డు రూములో ఇంకెన్ని ఉన్నాయో చూడాలనిపించింది చూశారా, పేపర్ అక్కడ పుడుతుంది. రెండు వారాల పాటు సాయంత్రాలు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) రిజిస్టర్లు తిరగేశాను. దుమ్ముకి తుమ్ములు, రికార్డు క్లర్కు గారికి రోజూ టీ. పరిశోధన అంటే నాకు తెలిసినంతవరకూ ఇదే.

అబ్‌స్ట్రాక్ట్

అబ్‌స్ట్రాక్ట్ అంటే పేపర్ సారాంశం. అది పంపే గడువు సదస్సుకి నాలుగైదు నెలల ముందే ముగుస్తుంది. జనవరి మీటింగ్ అంటే వర్షాకాలంలోనే డేటా చేతిలో ఉండాలి. మొదటి పని ఎథిక్స్ కమిటీ ఉత్తరం. పాత రికార్డులు చూసే పనే కదా అని వదిలేయకండి, రెట్రోస్పెక్టివ్‌కి కూడా అనుమతో మినహాయింపో కాగితం మీద ఉండాలి. రోగుల్ని రెండు వర్గాలుగా విడగొట్టి చికిత్సల్ని పోల్చే ట్రయల్ చేస్తుంటే మొదటి రోగిని చేర్చకముందే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి వాళ్ళు వెనక తేదీ నమోదు తీసుకోవడం లేదు.

రాసేటప్పుడు పదాల పరిమితి ఎంతో చూసుకోండి. తరచుగా 250–300 పదాలే ఇస్తారు. ఆ కాస్త చోటులో సగం "యూరోలిథియాసిస్ ప్రపంచమంతటా ఉన్న సమస్య" అని మొదలుపెట్టి తగలేస్తారు. చదివేది యూరాలజిస్టు. రాళ్ళు సమస్య అని ఆయనకి మీరు చెప్పక్కర్లేదు. ఉపోద్ఘాతం ఒక్క వాక్యం చాలు. మిగతా చోటంతా మీరు ఎవర్ని తీసుకున్నారు, ఏం చేశారు, ఏం వచ్చింది అన్నవాటికి ఇవ్వండి.

అంకెల దగ్గర మూడు విషయాలు.

చిన్న సంఖ్యలకి శాతాలు వేయకండి. తొమ్మిదిమందిలో ముగ్గురిని 33.33 శాతం అని రాస్తే రివ్యూ చేసేవాడు నవ్వుకుంటాడు. "9 మందిలో 3" అని రాయండి.

"స్టోన్ ఫ్రీ" అన్న మాట వాడితే దాని అర్థం పక్కనే చెప్పండి. ఎక్స్‌రేలోనా, సీటీలోనా? ఎన్నో రోజున? 4 మిల్లీమీటర్ల లోపు ముక్కలు మిగిలితే వాటిని లెక్కలోకి తీసుకున్నారా, వదిలేశారా? రాళ్ళ పేపర్ చదివిన ప్రతివాడికీ పడే మొదటి ప్రశ్న ఇదే. జవాబు అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే.

కాంప్లికేషన్లని "స్వల్పం", "తీవ్రం" అని మీ మనసుకి తోచినట్టు కాకుండా క్లేవియన్–డిండో గ్రేడ్లలో, అంటే దేనికి ఎంత చికిత్స పట్టిందన్న కొలతలో, చెప్పండి. 2004 నుంచీ అందరూ మాట్లాడే భాష అది. మీ యూనిట్లో ఎవరికీ ఏమీ కాలేదని రాస్తే మాత్రం ఎవరూ నమ్మరు. రక్తం ఎక్కించిన కేసులు, జ్వరం వచ్చిన కేసులు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి.

రచయితల పేర్ల వరస గురించి ముందే మాట్లాడుకోండి. గైడ్, చీఫ్, డేటా తెచ్చిన జూనియర్, ఎవరు ఎక్కడ అన్నది సబ్‌మిట్ చేసే రాత్రి తేల్చుకుందామంటే గొడవే. అన్నట్టు, ఆ రాత్రి సర్వర్ కదలదు. ఎప్పుడూ అంతే. గడువుకి రెండు రోజుల ముందే పంపేయండి.

పోడియం (వేదిక మీద చదవడం) అడిగితే పోస్టర్ ఇచ్చారని చిన్నబుచ్చుకోవద్దు. మోడరేటెడ్ పోస్టర్ దగ్గర ఒక్కోసారి పోడియం కంటే మంచి చర్చ జరుగుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి తప్పించుకుని పోలేడు, మీరూ పోలేరు.

డబ్బు, లీవు

త్వరగా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ ఎర్లీ బర్డ్ రేటులోనే కట్టేయండి. పీజీ రేటు కావాలంటే హెచ్.ఓ.డి. సంతకంతో లెటర్ అడుగుతారు, అది ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. పేపర్ చదివేవాళ్ళు రిజిస్టర్ అయి ఉండాలన్న నియమం దాదాపు ప్రతిచోటా ఉంటుంది.

"కంపెనీవాళ్ళు టికెట్ వేస్తారట కదా" అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. 2024 మార్చిలో వచ్చిన ఫార్మా మార్కెటింగ్ కోడ్ ప్రకారం స్పీకర్‌గా వెళ్ళేవాళ్ళకి తప్ప డాక్టర్లకి కంపెనీలు రైలు, విమానం, హోటల్ ఖర్చులు పెట్టకూడదు. కాబట్టి స్టైపెండ్‌లోంచే ఖర్చు. ముగ్గురు కలిసి ఒక గది తీసుకోండి, గురక పెట్టేవాడు ఎవడో ముందే కనుక్కోండి.

లీవు అసలు కష్టం. యూనిట్ అంతా వెళ్ళిపోతే వార్డు ఎవరు చూస్తారు? నేను సంక్రాంతి మూడు రోజుల డ్యూటీ నెత్తిన వేసుకుని కాన్ఫరెన్స్ నాలుగు రోజులు కొనుక్కున్నాను. మా అమ్మ ఇప్పటికీ ఆ పండగ గురించి ఎత్తిపొడుస్తుంది.

స్లైడ్లు

ఆరేడు నిమిషాలిస్తారు. అందులో ఏడెనిమిది స్లైడ్లకి మించి నడవవు. టైటిల్ ఒకటి, ఎందుకు చేశాం ఒకటి, ఎలా చేశాం ఒకటి, ఫలితాలు మూడు, లోపాలు ఒకటి, ముగింపు ఒకటి. "థాంక్యూ" అని గులాబీ పువ్వు బొమ్మ వద్దు. ప్రశ్నలు వచ్చేటప్పుడు తెర మీద మీ ముగింపు స్లైడే ఉండాలి, అడిగేవాళ్ళు దాన్ని చూసే అడుగుతారు.

వెనక వరుస నుంచి చదవగలగాలి. నీలం మీద ఎరుపు పెట్టకండి, ప్రొజెక్టర్ దాన్ని మింగేస్తుంది. ఎక్సెల్ టేబుల్‌ని అలాగే అతికించి "ఈ స్లైడ్ కొంచెం బిజీగా ఉంది, క్షమించండి" అనడం మన దగ్గర ఒక ఆచారం అయిపోయింది. క్షమించమని అడిగే బదులు సగం వరసలు తీసేయొచ్చు.

రోగి వివరాలు. ఇది మాత్రం రెండుసార్లు చదవండి. సీటీ ఫిల్మ్ మూలలో పేరు, వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఉంటాయి. పైన నల్ల డబ్బా గీసి దాచామనుకుంటాం. నేనూ అలాగే గీశాను. పోడియం మీద స్లైడ్ తెరిస్తే, వేరే కంప్యూటర్ కదా, డబ్బా పక్కకి జరిగి పెద్దమ్మ పేరు తెర నిండా. చైర్‌పర్సన్ ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది చాలు. డబ్బా గీయకండి, బొమ్మనే కత్తిరించి కొత్తగా సేవ్ చేయండి. ఆపరేషన్ వీడియో చూపిస్తే రోగి రాతపూర్వక అనుమతి ఉండాలి, మానిటర్ మూలలో పేరు కనపడకూడదు, ఓటీలో ఎవరో వెనక నుంచి మాట్లాడే మాటలు వినపడకూడదు. సౌండ్ తీసేయండి.

స్లైడ్లు అయ్యాక ఓటీ టెక్నీషియన్ ముందు ఒకసారి చదివి వినిపించండి. ఆయనకి అర్థం అయితే హాలుకీ అర్థం అవుతుంది. నాకు మా టెక్నీషియన్ అన్న ఇచ్చిన సలహా, "సార్, ఆ గొట్టం తెగిన ఫొటో ముందు పెట్టండి, అప్పుడు వింటారు" అని. పెట్టాను. విన్నారు.

ప్రివ్యూ రూమ్, ఆ తరవాత పోడియం

చేరిన రోజే బ్యాడ్జి, కిట్ బ్యాగు తీసుకుని నేరుగా ప్రివ్యూ రూముకి వెళ్ళండి, స్టాల్స్ సంగతి ఆ తరవాత. మీ ఫైలు అక్కడి కంప్యూటర్లో ఎక్కించాక ప్రతి స్లైడూ తిప్పి చూడండి, ప్రతి వీడియోనీ చివరిదాకా ఆడించండి. ఫైలుకి "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని కాకుండా మీ పేరు, సెషన్, హాలు పెట్టండి. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక కాపీ మెయిల్లో. మా బ్యాచ్‌మేట్ ఒకతను వీడియో ఫైలు లింకు మాత్రమే తెచ్చి అసలు వీడియోని హాస్టల్లో వదిలేసి వచ్చాడు. రెండు నిమిషాలు నల్లటి తెర చూపిస్తూ, "ఇక్కడ మనం పంక్చర్ చేస్తున్నాం, ఇప్పుడు డైలేట్ చేస్తున్నాం" అని రేడియోలో క్రికెట్ కామెంటరీలా చెప్పాడు. అతనికి చప్పట్లు బాగానే పడ్డాయి. మీకు పడతాయని గ్యారంటీ లేదు.

మీ సెషన్‌కి పది నిమిషాల ముందే హాల్లోకి వెళ్ళి చైర్‌పర్సన్లకి కనపడి, "సర్, నాది నాలుగో పేపర్" అని చెప్పండి. ముందు పేపర్లవాళ్ళు రాకపోతే మిమ్మల్నే పిలుస్తారు, అప్పుడు కాఫీ దగ్గర ఉంటే అంతే సంగతులు. మైకు దగ్గర నిలబడ్డాక పలకరింపు ఒక్క ముక్కలో ముగించండి. పసుపు లైటు వెలిగితే ఒక్క నిమిషం ఉందని అర్థం. అప్పుడు వేగం పెంచకండి, ఒక స్లైడ్ వదిలేసి ముగింపుకి దూకండి.

ప్రశ్నలకి భయపడతారు గానీ, అడిగేవాళ్ళు మూడు రకాలే. నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్ళు, మిమ్మల్ని పరీక్షించేవాళ్ళు, ప్రశ్న పేరుతో తమ సొంత అనుభవం చెప్పుకునేవాళ్ళు. మూడో రకానికి "ధన్యవాదాలు సర్" చాలు. రెండో రకానికి తెలిసింది చెప్పండి, తెలియకపోతే "ఆ డేటా మేము తీయలేదు సర్" అనండి. ఆ మాట అన్నందుకు ఎవరూ మార్కులు తీసేయరు. కల్పించి చెప్తే మాత్రం పట్టుకుంటారు. మొదటి రకం వాళ్ళు అడిగింది హాలు దాటగానే కాగితం మీద రాసుకోండి.

నన్ను అలా అడిగినాయన ఆ రోజు చైర్‌లో ఉన్న పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకున్నాయనే. నా ఎన్‌క్రస్టేషన్ (స్టెంట్ మీద రాయి కట్టడం) గ్రేడింగ్, ఎన్ని సిట్టింగులు పట్టాయి, అదంతా వదిలేసి, "ఆ పేషెంట్ ఏ భాష మాట్లాడుతుంది?" అన్నారు. తెలుగు సర్ అన్నాను. "డిశ్చార్జి సమ్మరీ ఏ భాషలో ఉంది?" ఇంగ్లీషు సర్. "పక్కన నిలబడి ఎవరైనా ఆమెకి చెప్పారా?" తెలియదు సర్. "మీ సిరీస్‌లో ఇలా చెప్పించుకోనివాళ్ళు ఎంతమంది?" ఆ డేటా నేను తీయలేదు. రెండు వారాలు రికార్డు రూములో కూర్చుని రాయి సైజు మిల్లీమీటర్లలో రాసుకున్నాను గానీ, ఈ సంగతి రాసుకోవాలని నాకు తట్టలేదు. సరిహద్దుకి అవతల నుంచి, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు నుంచి వచ్చి చెన్నైలో ఆపరేషన్ చేయించుకునే మనవాళ్ళు ఎందరో. వాళ్ళకి తమిళ కాగితం ఇచ్చినా ఒకటే, ఇంగ్లీషు కాగితం ఇచ్చినా ఒకటే. అది నాకు తెలిసి ఉండాల్సింది, నేనే తెలుగువాణ్ణి.

చెన్నైలో దిగాక

చెన్నైలో పెద్ద సదస్సు అంటే తరచు నందంబాక్కంలోని ట్రేడ్ సెంటర్‌లోనే. విమానంలో వస్తే ఎయిర్‌పోర్ట్ నుంచి అది దగ్గరే. మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ ఆలందూరు, అక్కడ దిగి ఆటో. రైల్లో వస్తే, విజయవాడ వైపు నుంచి పినాకిని, వందేభారత్ సెంట్రల్‌కి చేరుస్తాయి. అక్కడ మెట్రో గ్రీన్ లైన్ పట్టుకుంటే మారకుండా ఆలందూరు దాకా వస్తారు. హైదరాబాద్ నుంచి చార్మినార్‌లో వచ్చేవాళ్ళు తాంబరం దాకా రావచ్చు, అక్కడి నుంచి వెనక్కి రావడం సులువు. సంక్రాంతి తరవాతి వారం టికెట్లు దొరకవు. అబ్‌స్ట్రాక్ట్ ఒప్పుకున్నారని మెయిల్ వచ్చిన రోజే బుక్ చేయండి.

గది గిండీ, ఆలందూరు, అశోక్ నగర్ చుట్టుపక్కల చూసుకోండి. టీ నగర్‌లో తీసుకుంటే సాయంత్రాలు బాగుంటాయి, పొద్దున్నే నరకం. మౌంట్–పూనమల్లి రోడ్డు మీద కత్తిపారా దాటడానికే అరగంట పోతుంది, కొత్త మెట్రో పనులు ఉన్నచోట ఇంకా ఎక్కువ. ఎనిమిదింటికి పేపర్ ఉంటే ఏడింటికల్లా బయల్దేరాలి. ఆటోవాళ్ళని యాప్‌లోనే పిలవండి. బేరం ఆడాల్సి వస్తే "అణ్ణా" అని మొదలుపెట్టండి, మన "అన్నా"కి నాలుక కాస్త మడిస్తే చాలు.

జనవరిలో చెన్నై హాయిగా ఉంటుంది, అయినా హాల్లో ఏసీ చలి ఎముకలు కొరికేస్తుంది. కోటు ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఫుల్ చేతుల చొక్కా. కొత్త బూట్లు మాత్రం వేసుకోకండి, రోజంతా నిలబడాలి. భోజనం దగ్గర వరస పొడుగ్గా ఉంటుంది. సెషన్ ముగియడానికి పది నిమిషాల ముందు జారుకునేవాళ్ళే గెలుస్తారు, కానీ ఆ పది నిమిషాల్లోనే ప్రశ్నలు ఉంటాయి. నేనైతే ఆకలికే ఓటు వేస్తాను, మీ ఇష్టం. రెండో రోజుకల్లా పప్పూ ఆవకాయా గుర్తొస్తే నగరంలో ఆంధ్రా మెస్సులకి కొదవ లేదు.

సెంట్రల్‌లో దిగినవాళ్ళు ఒక్కసారి రోడ్డు అవతలికి చూడండి. ఎదురుగా జనరల్ హాస్పిటల్, దాని పక్కనే మద్రాస్ మెడికల్ కాలేజీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివింది అక్కడే. ఖద్దరు కట్టాడని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటికొచ్చారు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం నుంచి వచ్చిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. బ్లాడర్ క్యాన్సర్‌కి నాలుగు మందులు కలిపి ఎంవీఏసీ అని రాస్తాం కదా, అందులో మొదటి అక్షరం అదే. నేను ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది, మా పీజీలకి చెప్తే "అవునా సార్" అని ఫోన్ చూసుకుంటారు.

నాలుగు రోజులు

ప్రోగ్రామ్ బుక్కు చేతికి రాగానే పెన్ను తీసుకుని రోజుకి మూడంటే మూడు సెషన్లకి టిక్ పెట్టండి. అన్నీ వినాలని హాలు నుంచి హాలుకి పరిగెత్తేవాడు ఏదీ వినడు. ఆ మూడూ ఎలా ఎంచుకోవాలి అంటే, మీ జేబులో ఉన్న కేసు చెప్తుంది. మీది రాళ్ళ కేసు అయితే ఎండోయూరాలజీ హాలు. స్ట్రిక్చర్ (మూత్రనాళం ఇరుకైన) కేసు ఓడించిందా, ఆ నాళాన్ని బాగుచేసే యురెత్రోప్లాస్టీ చూపించే హాలు వదలకండి. మన దేశంలో బక్కల్ మ్యూకోసా గ్రాఫ్ట్ (బుగ్గ లోపలి పొర తెచ్చి అతికించడం) చేసే చేతులు ప్రపంచానికి నేర్పే స్థాయివి.

ఆపరేషన్ వీడియోలు, సెమీ లైవ్‌లు (ముందే తీసి, వివరిస్తూ చూపించే ఆపరేషన్లు) చూసేటప్పుడు అందరూ స్కోపు తెర చూస్తారు. పీసీఎన్‌ఎల్‌లో మీరు చూడాల్సింది సీ-ఆర్మ్ (ఎక్స్‌రే యంత్రం) తెర, ఇంకా అసిస్టెంట్ చెయ్యి. సూది ఎక్కడ పెట్టారన్నది పుస్తకంలో ఉంది. సూది లోపలికి పోయేటప్పుడు పేషెంట్ ఊపిరి ఎక్కడ ఆపించారు, సీ-ఆర్మ్ ఎటు తిప్పారు, గైడ్‌వైర్ యురేటర్లోకి (కిడ్నీ నుంచి బ్లాడర్‌కి దిగే నాళంలోకి) దిగేదాకా డైలేటర్ ముట్టుకోకుండా ఎంతసేపు ఆగారు, ఇవి పుస్తకంలో ఉండవు. రక్తం వచ్చినప్పుడు సర్జన్ ఏం చేశారో చూడండి. కొందరు ఆ ముక్క కత్తిరించి చూపిస్తారు. కత్తిరించనివాళ్ళ సెషన్‌కే మళ్ళీ వెళ్ళండి.

స్టాళ్ళలో పెన్నులు, పుస్తకాలు ఏరుకోవడం కంటే మోడల్స్ మీద చేయి పెట్టడం ముఖ్యం. ఫ్లెక్సిబుల్ స్కోపు రబ్బరు కిడ్నీలోకి పోనిచ్చి లోయర్ కేలిక్స్ (కిడ్నీలో కింది గది) దాకా వంచి చూడండి. మీ ఆస్పత్రిలో స్కోపు విరిగితే ఎవరు కడతారన్న భయంతో ముట్టుకోనివ్వరు, ఇక్కడ ఇస్తారు. మధ్యాహ్నం భోజనం టైమ్‌లో స్టాలు ఖాళీగా ఉంటుంది, అప్పుడు వెళ్తే పావుగంట మీదే.

పెద్ద డాక్టర్లతో సెల్ఫీకి ఎగబడే గుంపులో నిలబడకండి. ఆయన సెషన్ అయ్యాక కారిడార్‌లో పక్కన నడుస్తూ, "సర్, ఒక్క నిమిషం, నా పేషెంట్‌కి ఇలా ఉంది, మీరైతే ఏం చేస్తారు?" అని అడగండి. ఎవరూ కాదనరు. డాక్టర్‌ని కేసు అడిగితే కాదనలేడు, అది మన జాతి బలహీనత. నన్ను నిలదీసిన పెద్దాయన్ని కూడా కాఫీ దగ్గర అలాగే పట్టుకున్నాను. "మీ దగ్గర స్టెంట్ రిజిస్టర్ ఉందా?" అన్నారు. లేదు సర్ అన్నాను. "వేసిన తేదీ, తీయాల్సిన తేదీ, ఫోన్ నంబరు. మూడు గళ్ళు. నోటు పుస్తకం చాలు" అని చెప్పి, వడ తింటూ వెళ్ళిపోయారు.

తిరిగొచ్చాక

సర్టిఫికెట్ చేతికి రాకుండా ఊరు వదలకండి, తరవాత మెయిల్స్ పెట్టి అలసిపోతారు. మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ అవర్స్ కావాలంటే మీ రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి. వచ్చిన వారంలోనే డిపార్ట్‌మెంట్‌లో పదిహేను నిమిషాలు అడిగి, విన్నవాటిలో మన ఆస్పత్రిలో రేపటి నుంచే చేయగలిగింది ఏమిటో చెప్పండి. వార్డు చూసుకుని ఉండిపోయినవాళ్ళకి మీరు బాకీ. పేపర్‌ని పూర్తి వ్యాసంగా రాయాలనుకుంటే హాల్లో వచ్చిన ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని మొదలుపెట్టండి. ఇండియన్ జర్నల్ ఆఫ్ యూరాలజీ 1984 నుంచీ వస్తోంది, అక్కడ రివ్యూ చేసేవాళ్ళు అవే ప్రశ్నలు ఇంకాస్త మర్యాదగా అడుగుతారు. రెండు నెలలు దాటితే మాత్రం ఆ ఫైలు మళ్ళీ తెరవరు, నా మాట నమ్మండి.

నేను వచ్చిన సోమవారం సిస్టర్ గారిని అడిగి ఒక పాత నోటు పుస్తకం తీసుకున్నాను. మూడు గళ్ళకి తోడు నాలుగోది నేను గీశాను: భాష. స్టెంట్ వేసిన ప్రతి తెలుగు పేషెంట్‌కీ అరచేతిలో పట్టేంత కార్డు, చేత్తో రాసి, సెల్లో టేపు అంటించి ఇచ్చేవాళ్ళం. మీ వార్డులో కావాలంటే అలాగే రాసుకోండి:

"మీ కుడి కిడ్నీలో ఒక సన్నటి గొట్టం పెట్టాం. అది బయటికి కనపడదు. ఈ తేదీ లోపు వచ్చి తీయించుకోవాలి. నొప్పి లేకపోయినా రావాలి. డబ్బు లేకపోయినా రండి, మాట్లాడదాం."

చివరి వాక్యం పెద్దమ్మ కొడుకు చెప్పి రాయించాడు.